ఎత్తిన చెయ్యి దిగకూడదు

ఇద్దరూ నాకు కావలసినవాళ్ళే. మావయ్యది విజయనగరం. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ పిల్లలకి ఆకురాయి పట్టడం నేర్పి రిటైరయ్యాడు. మేనల్లుడు శ్రీకాకుళంలో ఉంటాడు, పైడిభీమవరం వైపు మందుల కంపెనీలో షిఫ్టు ఉద్యోగం. సెలవు దొరికితే మేడ మీద గదిలో మర మనుషుల్ని చేస్తాడు. మనిషి లోపల కూర్చుని నడిపే భారీ యంత్రాలుగా జపాన్ వాళ్ళు ఊహించి 'మెకా' అని పేరు పెట్టినవి, వాటికి చిన్న నమూనాలు. కిట్ కొని అతికించడం కాదు. పలక కోసి, కీళ్ళు తానే చేసి, ఏ భంగిమలో పెడితే ఆ భంగిమలో నిలిచేలా చేస్తాడు.

ఈ పని మంచిదా, దండగా అన్న దగ్గర మొదలైన మాటలు ఎటెటో వెళ్ళాయి. పాతతరానికీ కొత్తతరానికీ గొడవ అనుకోకండి. యంత్రం పక్షాన మాట్లాడింది పెద్దాయనే. నోరు పట్టలేని చోట బ్రాకెట్లో నా మాట పెట్టాను.

మావయ్య: ముందు ఒక సంగతి తేల్చు. ఇది దేనికి పనికొస్తాది?

మేనల్లుడు: దేనికీ పనికిరాదు మావయ్యా.

మావయ్య: అదేటి, వాదన మొదలెట్టకుండానే ఓడిపోయావు?

మేనల్లుడు: ఓడిపోలేదు. నువ్వు పిల్లల చేత నెలల తరబడి ఇనప దిమ్మని రాపాడించి నలుచదరం చేయించేవాడివి కదా. ఒకదానికి గాడి, ఇంకోదానికి నాలుక. రెండూ కలిపితే మధ్యలోంచి వెలుతురు కనపడకూడదనేవాడివి. ఆ దిమ్మలన్నీ చివరికి ఎక్కడికి పోయేవి?

మావయ్య: తుక్కులోకి.

మేనల్లుడు: మరి?

మావయ్య: దిమ్మ తుక్కులోకి పోయినా ఆ చెయ్యి ఉక్కు ఫ్యాక్టరీలోకి పోయేది, షిప్‌యార్డులోకి పోయేది. నీకు ఉద్యోగం ఉంది. నీ చెయ్యి ఇంకెక్కడికి పోవాల?

మేనల్లుడు: ఎక్కడికీ పోనక్కర్లేదు. ఇంట్లోనే ఉంటుంది.

(ఈ జవాబు మావయ్యకి నచ్చలేదు. నాకు నచ్చింది.)

మావయ్య: పోనీ, చేసేదేదో మనది చెయ్యొచ్చు గదా. బొబ్బిలి వీణ ఉంది, బుడితి ఇత్తడి ఉంది, ఏటికొప్పాక లక్క బొమ్మ ఉంది. 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్రం శకటం ఏటికొప్పాక బొమ్మలే. జపాన్ వాడి భూతాన్ని తెచ్చి శ్రీకాకుళం మేడెక్కించడం ఏటి?

మేనల్లుడు: కీలుగుర్రం మనది కాదా? 1949లో నాగేశ్వరరావు, అంజలీదేవి ఆ సినిమాలో వేసేటప్పటికి జపాన్ వాళ్ళ ఈ బొమ్మలింకా పుట్టలేదు. భోజరాజు పేరు మీదున్న సమరాంగణ సూత్రధారంలో యంత్రాల మీద ఒక అధ్యాయమే ఉంది, పదకొండో శతాబ్దంలో. నిన్నగాక మొన్న 'కల్కి 2898 ఏడీ' కోసం మహీంద్రా వాళ్ళూ కోయంబత్తూరు జయం ఆటోమోటివ్స్ వాళ్ళూ కలిసి ఆరు టన్నుల 'బుజ్జి' బండిని నిజంగానే కట్టారు.

మావయ్య: ఆ బండి రోడ్డు మీద తిరిగింది. భోజరాజు పుస్తకంలో ఉన్నది నువ్వు చెయ్యలేదు. నువ్వు చేసింది జపాన్‌దే.

మేనల్లుడు: ఆ పుట్టుక కాదనను. కానీ ఎలా పుట్టిందో విను. 1979 ఏప్రిల్‌లో అక్కడి టీవీలో 'మొబైల్ సూట్ గండమ్' అని బొమ్మల సీరియల్ మొదలైంది. యోషియుకి తొమినో దర్శకుడు, యంత్రాల రూపం కునియో ఒకవరా గీశాడు. జనం పెద్దగా చూడలేదు. 52 భాగాలు అనుకున్నది 43తో ఆపేశారు. అది ఆగిపోయాక 1980 జూలైలో బందాయ్ కంపెనీ ప్లాస్టిక్ కిట్ తెచ్చింది. కథలో ఆ యంత్రం ఎత్తు 18 మీటర్లు. కిట్ అందులో 144వ వంతు, అంటే పన్నెండున్నర సెంటీమీటర్లు. వెల 300 యెన్లు. బడి పిల్లాడి దగ్గర ఉండే డబ్బు. సీరియల్ మళ్ళీ బతికిందంటే ఆ కిట్ల చలవే.

మావయ్య: వ్యాపారం అన్నమాట.

మేనల్లుడు: వ్యాపారమే. ఆ పక్కనే ఇంకోటి జరిగింది. 1982లో 'హాబీ జపాన్' పత్రికలో కో యొకోయామా అనే కళాకారుడు తను కల్పించిన యంత్రాలు తానే చేసి, ఫోటోలు తీయించి కథలా వేయడం మొదలెట్టాడు. వాటి వెనక సినిమా లేదు, సీరియల్ లేదు. టాంకు కిట్లోంచి ఒక ముక్క, కారు కిట్లోంచి ఒక ముక్క ఏరి అతికించినవి. ముందు బొమ్మ, తర్వాత కథ. ఆ తర్వాతే నిట్టో అనే కంపెనీ వాటిని అచ్చు పోసి అమ్మింది. అంతకు ముందు 1977లో 'స్టార్ వార్స్' ఓడల మీద కనిపించిన గొట్టాలూ పలకలూ కూడా అంగడిలో కొన్న టాంకు, విమానం కిట్ల ముక్కలే.

మావయ్య: వాళ్ళకి కిట్లున్నాయి, ముక్కలు ఏరుకున్నారు. నీకేటున్నాయి?

మేనల్లుడు: ఫ్లెక్సీ షాపు వెనక గుట్ట ఉంది. నాయకుడి పుట్టినరోజుకి కటౌట్ కోశాక మిగిలిన సన్‌బోర్డు అంచులు. మూడు మిల్లీమీటర్లది ఒకటి, ఐదుది ఒకటి. పేపర్ కట్టరుకి తెగుతుంది, గరుకు కాగితానికి లొంగుతుంది, ఫెవిక్విక్ ఇట్టే పట్టేస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక రోడ్ల పక్కన విరిగి పడ్డ షాపు బోర్డులు చూశావు కదా, నా మొదటి సరుకు అదే. ప్లంబర్లు వాడే పీవీసీ గొట్టం ఇంకోటి. నిలువునా చీల్చి మరిగే నీళ్ళలో వేస్తే మెత్తబడుతుంది, రెండు పలకల మధ్య నొక్కితే రేకు అవుతుంది. మంట మీద మాత్రం పెట్టకూడదు, ఆ పొగ విషం. ఇక కేసింగ్ పట్టీలు, ఎండిపోయిన రీఫిళ్ళు, సిరంజీలు, సైకిల్ పుల్లలు, ఎంసీల్.

మావయ్య: డబ్బుల్లేక చేస్తన్నావా?

మేనల్లుడు: సగం అదే. కస్టమ్స్ లెక్కలో స్కేల్ మోడల్ కిట్లు కూడా ఆటబొమ్మల పద్దులోకే వస్తాయి. 2020 బడ్జెట్లో ఆ పద్దు మీద సుంకం 20 శాతం నుంచి 60కి ఎక్కించారు, 2023లో 70 చేశారు.

మావయ్య: మంచిదే గదా. ఏటికొప్పాక వాళ్ళు నాలుగు డబ్బులు చూస్తారు.

మేనల్లుడు: చూడాలి. అంకుడు కర్రని అంత నునుపుగా తీసే చేతులు ఇంకో చోట లేవు. కానీ గండమ్ దొరకలేదని ఎవడూ లక్క పిడత కొనడు మావయ్యా.

మావయ్య: దొరకని కిట్ కోసం ఏడుస్తా చేసేదానికి సొంతం అని పేరెట్టుకున్నావు. రేపు సుంకం తీసీసినారనుకో, కట్టరు పారేసి కిట్టే కొంటావు.

మేనల్లుడు: ఒకటి కొంటాను, విప్పి చూడ్డానికి. కిట్లో కీలు సంగతి ఎవరో ఆలోచించి తేల్చేశారు. నేను చేస్తున్నది ఆ ఆలోచించే పనే. అది కూడా డబ్బాలో వచ్చేస్తే నాకు మిగిలేది రంగు వేయడమే.

మావయ్య: సరే, కీలు దాకా వచ్చాం. ఇది నా వీధి. మోకాలికి ఎన్ని పెట్టావు?

మేనల్లుడు: రెండు. ఒక్కటే పెడితే కాలు తొంభై డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. తొడ వెనక కవచమూ పిక్క కవచమూ ఢీకొంటాయి. మధ్యలో చిన్న ముక్క పెట్టి, దానికి పైన ఒక పిన్ను, కింద ఒక పిన్ను వేస్తే మడత రెండు చోట్లా పంచుకుంటుంది. అప్పుడు మోకాళ్ళ మీద కూర్చోబెట్టొచ్చు.

మావయ్య: భుజానికి?

మేనల్లుడు: బంతి కీలు అన్ని వైపులా తిరుగుతుంది కానీ ఇంట్లో చేసినది ఇంత బరువు ఆపలేదు. అందుకని పని విడగొట్టాను. ముందుకీ వెనక్కీ తిరగడానికి ఒక బోల్టు, పక్కకి లేవడానికి ఇంకోటి. నాలుగు మిల్లీమీటర్ల బోల్టు, నైలాక్ నట్టు. మామూలు నట్టయితే చెయ్యి నాలుగుసార్లు ఎత్తి దించేసరికి వదులైపోతుంది. నైలాక్‌లో ఉన్న నైలాన్ ఉంగరం మరని వదలదు. రెండు పలకల మధ్య సైకిల్ ట్యూబు కోసి వాషరు వేశాను.

మావయ్య: ట్యూబు వాషరు బాగుంది. చెయ్యి బరువెంత?

మేనల్లుడు: నూట ఇరవై గ్రాములు. ఆ బరువంతా భుజానికి ఎనిమిది సెంటీమీటర్ల అవతల ఉన్నట్టు లెక్క.

మావయ్య: అడ్డంగా చాపితే భుజం మీద తొమ్మిది వందల అరవై గ్రాము సెంటీమీటర్లు పడతాది. ఇదే బొమ్మని రెట్టింపు ఎత్తు చేస్తే?

మేనల్లుడు: బరువు ఎనిమిది రెట్లు, దూరం రెండు రెట్లు. మొత్తం పదహారు.

మావయ్య: కీలు కూడా రెట్టింపు చేశావనుకో. ఒత్తుకునే మేర నాలుగు రెట్లవుతాది, ఇరుసు నుంచి దాని దూరం రెండు రెట్లు. అంటే అదే ఒత్తిడితో ఎనిమిది రెట్లే ఆపగలదు. పడేది పదహారు, ఆపేది ఎనిమిది. పెద్ద బొమ్మ చేసినవాళ్ళందరి బొమ్మలూ చేతులు వేలాడేసి నిలబడతాయి, కారణం ఇదే.

మేనల్లుడు: అందుకే నేను ముప్ఫై సెంటీమీటర్లు దాటలేదు. యొకొహామాలో 18 మీటర్ల గండమ్‌ని చేతులూ కాళ్ళూ కదిలేలా కట్టి 2020 డిసెంబరు నుంచి 2024 మార్చి దాకా చూపించారు. దాన్ని కూడా వెనకనుంచి నడుము దగ్గర ఉక్కు చట్రం పట్టుకునే ఉంది. సొంత కాళ్ళ మీద నిలబడలేదు.

మావయ్య: యొకొహామా దాకా ఎందుకెల్లాల? మన పైడితల్లి సిరిమాను లేదేటి? యాభై అరవై అడుగుల చింతమాను. మొదలు రథం మీద ఇరుసుకి, కొసన ఆసనంలో పూజారి. దానికుండేది ఒక్క కీలు. దసరా వెళ్ళిన మంగళవారం, లక్షల జనం మధ్య ఆ మాను పైకి లేస్తాది. గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతాది. మొదటి పక్కన తాళ్ళు పట్టుకున్న మనుషులే దానికి తూకం. ఆ మాను చెక్కే వడ్రంగి 'వదులైతే మళ్ళీ బిగిద్దాం' అనుకోడానికి లేదు, కొసన ఒక ప్రాణం కూర్చుంటాది. మనిషిని కూర్చోబెట్టుకుని చెయ్యెత్తే యంత్రం చూడాలంటే విజయనగరం రా.

మేనల్లుడు: వస్తూనే ఉన్నాను కదా, చిన్నప్పట్నుంచీ. తర్వాత చేసే బొమ్మకి కుడి చెయ్యి అలాంటి మానే పెట్టాలనుంది.

మావయ్య: అమ్మవారి సంబరాన్ని ఆట చేస్తావా?

మేనల్లుడు: సిరిమాను ముందు నడిచే తెల్ల ఏనుగు బొమ్మ కాదా మావయ్యా? నేను సిరిమానుని చెయ్యను. దాని ఇరుసు ఎలా పని చేస్తుందో అదొక్కటి తీసుకుంటాను. ఇప్పుడున్న దీనికి ఛాతీ ఇంత వెడల్పు ఎందుకు పెట్టానో చెప్పు చూద్దాం.

మావయ్య: కొలత తప్పి ఉంటాది.

మేనల్లుడు: కోడి రామమూర్తి నాయుడు. జపాన్ బొమ్మలకి నడుము సన్నం, కాళ్ళు పొడుగు. వీరఘట్టంలో పుట్టినాయనకి అలా ఉండదు. కార్లకి గొలుసులు కట్టించి ఆపినవాడు, ఏనుగుని ఛాతీ మీద నిలబెట్టుకున్నవాడు. బరువంతా పైన ఉంటే బొమ్మ ముందుకి తూలుతుందని పాదాలు వెడల్పు చేసి, వాటిలో ఇనప వాషర్లు పోసి ఎంసీల్‌తో మూసేశాను.

(ఇక్కడ మావయ్య బొమ్మని మొదటిసారి చేతిలోకి తీసుకున్నాడు. పాదం తిప్పి చూసి ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆయన దగ్గర పెద్ద మార్కులే.)

మావయ్య: సరే, రూపం నీదే. ఎవరికి అమ్ముతావు?

మేనల్లుడు: అమ్మను.

మావయ్య: అక్కడే నాకు పడదు. కొనేవాడు లేని పని ఎదగదురా. కొన్నవాడు తిడతాడు, తిప్పి పంపుతాడు, అప్పుడు చెయ్యి తిన్నగవుతాది. పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారు. ఎందుకు? ఆ సన్న నూలే కావాలని అడిగేవాడు ఉన్నాడు కాబట్టి. అడిగేవాడు పోతే ఆ దవడ ఎప్పుడో పెంట మీదకి పోను. నీ బొమ్మ చూడు, ఎడమ మోకాలు ఒకలాగుంది, కుడిది ఒకలాగుంది. అడిగేవాడు లేడు గదా.

మేనల్లుడు: అడిగేవాడు ఉంటే ఏమవుతుందో గొల్లపల్లిలో చూడు. పనస దిమ్మ ఒక్కదాన్నే తొలిచి వీణ చేసే ఊరు. ఇప్పుడు బాగా గిరాకీ ఉన్నది జానెడు వీణకి. సభల్లో పెద్దలకి శాలువాతో పాటు ఇస్తారు, వాళ్ళు అద్దాల బీరువాలో పెట్టుకుంటారు. మీటితే అది వీణలా పలకదు. బొబ్బిలి వీణని స్కేల్ మోడల్ చేసింది నేను కాదు మావయ్యా, కొనేవాడు.

మావయ్య: ఆ జానెడు వీణే ఆ ఇళ్ళలో పొయ్యి వెలిగిస్తంది. ఎగతాళి చెయ్యకు.

మేనల్లుడు: ఎగతాళి కాదు. వాళ్ళకి అది బతుకు, చెయ్యాలి. నాకు నెల జీతం ఉంది, కాబట్టి పలికేదాన్ని చేసుకునే వెసులుబాటు ఉంది. నా బొమ్మకి కొనేవాడు వస్తే ముందు తీసేయించేది కీలే. లోపల ఉంటుంది, కనపడదు, పని ఎక్కువ, ధర పెరుగుతుంది. చెయ్యి అతికించేసి రంగు బాగా కొట్టి ఇమ్మంటాడు.

(తెనాలిలో సూర్య శిల్పశాల వాళ్ళు ఇనప తుక్కుతో విగ్రహాలు చేస్తారు. 2021లో నట్లూ బోల్టులతో ప్రధానమంత్రి విగ్రహం పద్నాలుగు అడుగుల ఎత్తున నిలబెట్టారు. గొప్ప పని. అన్ని నట్లలో ఒక్కటీ తిరగదు, తిరగాలని అడిగినవాళ్ళు లేరు. అమ్మకం సంగతిలో నా ఓటు మేనల్లుడికే.)

మావయ్య: అమ్మకపోతే మానీ. ఎడమా కుడీ ఒక్కలాగ రావాలంటే ప్రింటరు కొను.

మేనల్లుడు: ఆకురాయి మాస్టారివి, నువ్వేనా ఈ మాటనేది?

మావయ్య: ఆకురాయి మీద నాకు భక్తేటి? లేత్ వచ్చిననాడు లేత్ నేర్పాను, సీఎన్‌సీ వచ్చిననాడు అది నేర్పాను. త్రీడీ ప్రింటరు ఇరవై వేల ప్రాంతంలో వచ్చీస్తంది. కంప్యూటర్లో గియ్యి, అచ్చు తియ్యి. చేత్తో కోస్తేనే గొప్ప అనుకుంటే, కట్టరు మాత్రం నువ్వు చేశావేటి?

మేనల్లుడు: ఇంటర్నెట్లో ఎవరో గీసింది దింపుకుని అచ్చు తీస్తే అది మళ్ళీ కిట్టే. నేను గీసుకుని తీస్తే నాదే, అందాకా నీతో వస్తాను. కీళ్ళు మాత్రం వద్దు. ప్రింటరు పొర మీద పొర వేస్తుంది. సన్నటి పిన్ను నిలబెట్టి తీస్తే పొరల మధ్య పుటుక్కున విరుగుతుంది.

మావయ్య: నిలబెట్టి ఎవడు తియ్యమన్నాడు? పడుకోబెట్టి తియ్యి, పొర పొడుగునా వస్తాది. అదీ కాదంటే రంధ్రం వరకే అచ్చు తీసి ఇనప బోల్టు దూర్చు. ఇంత చదివి ఇది తోచలేదా?

మేనల్లుడు: తోచలేదు.

మావయ్య: ప్రింటరు కొనేదాకా జిగ్ చేసుకో. ఇనప పట్టీకి వెర్నియర్‌తో కొలిచి రెండు రంధ్రాలు పెట్టు. ఎడమ ముక్కా కుడి ముక్కా ఒకదాని మీద ఒకటి వేసి, పైన పట్టీ పెట్టి, వైసులో బిగించి ఒకేసారి డ్రిల్లు దింపు. తేడా రమ్మన్నా రాదు. ఆ స్ప్రే రంగు కూడా వానాకాలంలో కొట్టకు, తేమకి తెల్లగా పొగ పట్టీసినట్టవుతాది. ఈ ఛాతీ మీద అదే.

మేనల్లుడు: అది పాతబడినట్టు కనపడాలని నేనే వేసిన రంగు.

మావయ్య: అబద్ధమాడకు.

(అబద్ధమే.)

మావయ్య: చివరాఖరికి ఒకటి చెప్తాను. కొనేవాడు వద్దన్నావు, తప్పు పట్టేవాడైనా ఉండాల. దీన్ని తీసుకెళ్ళి మన ఐటీఐ పిల్లల ముందు పెడదాం.

మేనల్లుడు: విరగ్గొడతారు.

మావయ్య: విరగ్గొట్టనీ. ఎక్కడ విరిగిందో తెలుస్తాది.

మేనల్లుడు: నీకు బెంచి మీద దిమ్మ విరిగితే ఇంకో దిమ్మ. నాకు ఇది ఒక్కటే. నేను చూపించడానికి చెయ్యలేదు మావయ్యా, చేసుకోడానికి చేశాను.

మావయ్య: అయితే రెండోది చెయ్యి. జిగ్ ఉంటే రెండోది బేగి అవుతాది.

దీనికి మేనల్లుడు ఊ అనలేదు, ఉహూ అనలేదు. బొమ్మ ఐటీఐకి ఇంకా వెళ్ళలేదు. ఇనప పట్టీకి రంధ్రాలు మాత్రం పడ్డాయి.

చదివాక చేతులు దురద పెట్టినవాళ్ళకి ఒక మాట. నిలువెత్తు బొమ్మ జోలికి అప్పుడే పోకండి, కిట్ల ధరలు చూసి నీరసపడకండి. మీ ఊళ్ళో ఫ్లెక్సీ షాపువాణ్ణి అడిగితే సన్‌బోర్డు ముక్కలు సంచీడు ఇస్తాడు. హార్డ్‌వేర్ షాపులో రెండు బోల్టులు, రెండు నైలాక్ నట్లు, సైకిల్ షాపులో పాత ట్యూబు ముక్క తెచ్చుకోండి. ఒక్క మోచేయి చేయండి. కొసన కాసిని రూపాయి బిళ్ళలు అతికించి, అడ్డంగా చాపి, రాత్రికి వదిలేయండి. తెల్లారేసరికి చెయ్యి కిందికి దిగి ఉంటే వాషరు మార్చండి. దిగకపోతే రెండో చెయ్యి మొదలుపెట్టండి, మొదటిదాన్ని పైన పెట్టుకుని అవే రంధ్రాల్లోంచి డ్రిల్లు దింపి.